సంవత్సరం మీద బొటనవేలు

పాత అయిదు సెంట్ల బిళ్ళ చేతికొస్తే బిళ్ళలత్త ముందు చేసే పని ఒక్కటే. బొటనవేలితో సంవత్సరాన్ని మూసేస్తుంది. ఆ తర్వాతే భూతద్దం తీస్తుంది.

ఎందుకత్తా అలా అని ఎవరన్నా అడిగితే, "పెళ్ళిచూపుల్లో పిల్లాడి జీతం ముందే చెప్పేశారనుకో, వాడి మెల్లకన్ను కూడా ముద్దుగానే కనిపిస్తుంది. ఇదీ అంతే," అంటుంది. దొరకని సంవత్సరమని ముందే తెలిస్తే కన్ను లంచం తిన్నట్టే. గీత ఉన్నా కనపడదు. అరిగిందీ అరగనట్టే ఉంటుంది. అందుకని బిళ్ళ ఎంత అరిగిందో తేల్చి చెప్పేదాకా ఆ వేలు అక్కణ్ణించి లేవదు.

ఆ బిళ్ళకి ఒకవైపు తెరచాప ఓడ, ఇంకోవైపు పెద్ద అయిదు అంకె, దాని కాళ్ళ దగ్గర సంవత్సరం. ఓడ తాళ్ళలో ఎన్ని మిగిలాయో చూసి అత్త బిళ్ళకి పేరు పెడుతుంది. తాళ్ళన్నీ ఉంటే కొత్త పెళ్ళికూతురు. రెండు పోతే కాపురానికొచ్చిన పిల్ల. సగం పోతే నలుగురు పిల్లల తల్లి. తెరచాప కూడా మాసిపోతే పళ్ళూడిన ముసలమ్మ. పుస్తకాల్లో వీటికి వేరే పేర్లున్నాయి గానీ, అవి వాడేవాళ్ళు కూడా ఈవిడ ముందు కూర్చుంటే "అత్తా, ఇది పిల్లేనా, తల్లయిందా?" అనే అడుగుతారు.

పేరు పెట్టేశాక బిళ్ళ బల్లకి అవతలున్న వదిన చేతిలోకి వెళ్తుంది. వదినంటే అత్త మొగుడికి అక్క. ఆయన పోయి పదేళ్ళయినా ఈ ఇద్దరూ ఒకే వంటింట్లో, ఒకే కెటిల్ మీద పోట్లాడుకుంటూ బతుకుతున్నారు. వదిన మందపాటి కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి సంవత్సరం పైకి చదువుతుంది, రిజిస్టరు తిప్పి వెల చెబుతుంది. ఒకరు చూసింది ఇంకొకరు చూడరు. ఇద్దరి మాటా కలిపి అత్త చీటీ రాసి సంతకం పెడుతుంది.

ఈ విద్య అత్త ఏ బళ్ళోనూ నేర్చుకోలేదు. బస్సు డిపోలో చిల్లర గది ఉండేది. బస్సుల్లో టిక్కెట్టు డబ్బాలన్నీ తెచ్చి అక్కడ బోర్లించేవాళ్ళు. పొద్దున ఆరింటికి కూర్చుంటే మధ్యాహ్నం రెండింటిదాకా బిళ్ళలు వేరుచేయడమే పని. అలా ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసింది. గదికి పెద్ద తూకం మేస్త్రీ. బిళ్ళల్ని లెక్కపెట్టడు, తూస్తాడు. తూకంలో ఒక్క బిళ్ళ తేడా వచ్చినా మీసం దువ్వుకుంటూ వచ్చి వెనక నిలబడేవాడు. సంవత్సరం మీద వేలు పెట్టడం నేర్పింది ఆయనే. ఆ గదిలో ఒక ఆనవాయితీ ఉండేది. పాత బిళ్ళ ఏదన్నా కంటపడితే, మేస్త్రీ చూస్తుండగా తన సంచిలోంచి ఇంకో అయిదు సెంట్లు ఆ కుప్పలో వేసి పాతది తీసుకోవచ్చు. బిళ్ళకి బిళ్ళ. అలా ఒక్కొక్కటే ఏరి అత్త తన పళ్ళెం నింపింది. నీలం గుడ్డ పరిచిన చెక్క పళ్ళెం, నలభై ఒక్క గుంటలు, గుంటకో సంవత్సరం. అందులో ముప్ఫై మూడో సంవత్సరం గుంట ఒక్కటే ఎంతకీ నిండలేదు. ఆ ఏడు టంకశాలలో యంత్రం విరిగి మూడు వారాలే బిళ్ళలు కొట్టారట. ఉద్యోగంలో చేరిన ఇరవైతొమ్మిదో ఏట దొరికింది అది. పళ్ళూడిన ముసలమ్మే అయినా దొరికింది. ఆ రోజు అత్త అన్నం మానేసి దాన్నే చూస్తూ కూర్చుందని వదిన ఇప్పటికీ దెప్పుతుంది.

ఆదివారం పది గంటలకి బూట్లు కుట్టేవాడి కొట్టు పైన మేడగదిలో బిళ్ళల సంఘం కూడుతుంది. ఓ పాతికమంది వస్తారు. గడియారాల షాపాయన ప్రెసిడెంటు. అమ్మేవాళ్ళు బిళ్ళని కాగితం పొట్లంలో పెట్టి పిన్నులు కొట్టి, పైన చీటీ అంటిస్తారు. అత్త సంతకం ఉన్న చీటీ అయితే ఎవరూ పొట్లం విప్పమని అడగరు. చీటీ చూసి బేరమాడతారు, బేరం కుదిరాకే విప్పుతారు. విప్పాక ఇక మాటల్లేవు. బిళ్ళ కొన్నవాడిది, డబ్బు అమ్మినవాడిది.

ఇంకో నిబంధన కూడా ఉంది. గడియారాల షాపాయన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి గోడకి తగిలించాడు. చీటీ రాసినవాళ్ళు దాన్ని వెనక్కి తీసుకోవాలంటే పొట్లం విప్పకముందే తీసుకోవాలి. తీసుకున్నాక పెన్ను బల్ల మీద పెట్టెయ్యాలి, జన్మలో మళ్ళీ చీటీ రాయకూడదు. ఆరేళ్ళ కింద మందుల షాపాయన అలా పెన్ను పెట్టేశాడు. ఆ తర్వాత ఆ మెట్లెక్కలేదు. సంఘం వాళ్ళెవరన్నా ఎదురైతే రోడ్డుకి ఆ పక్కకి వెళ్ళిపోతాడు. అత్తకి పెన్షను అంతంతమాత్రం, పిల్లలు లేరు, చదువు నాలుగో క్లాసు. ఊళ్ళో ఆమెకున్న విలువంతా ఆ చీటీ కింద సంతకమే.

*

గురువారం సాయంత్రం మేస్త్రీ కూతురు వచ్చింది. మేస్త్రీ పోయి అప్పటికి రెండు నెలలు. ఆ పిల్ల, పిల్లంటే నలభై దాటిన మనిషే, రొట్టెల కొట్టులో పనిచేస్తుంది. మోచేతులదాకా పిండి అలాగే ఉంది. చంకలో బిస్కట్ల డబ్బా.

"నాన్నవి అత్తా. బీరువా సర్దుతుంటే దొరికాయి. ఏమన్నా పలుకుతాయేమో చూడు."

పదిహేడు బిళ్ళలు. అత్త వేలు పెట్టి ఒక్కోటీ చూసింది. తల్లి, తల్లి, ముసలమ్మ, ముసలమ్మ. తొమ్మిదోది తీసుకుంది, సంవత్సరం మీద వేలేసింది, ఓడ చూసింది. తాళ్ళు సగం ఉన్నాయి. "నలుగురు పిల్లల తల్లి. ఆరోగ్యంగానే ఉంది," అని వదినకి అందించింది.

వదిన కళ్ళజోడు జార్చింది, మళ్ళీ పైకి తోసింది, మళ్ళీ జార్చింది.

"ముప్ఫై మూడు," అంది.

కెటిల్ కూడా ఊపిరి బిగబట్టినట్టయింది. వదిన రిజిస్టరు తిప్పి, వేలితో గీత వెంబడి వెళ్ళి వెల చెప్పింది. మేస్త్రీ కూతురు ఉన్నపళంగా కుర్చీలో కూలబడింది. ఆ వెల ఆమెకి రొట్టెల కొట్టులో ఏడాది జీతం.

"అత్తా, మా కొట్టు ఓనరు ఇక పొయ్యి ముందు నిలబడలేనంటున్నాడు. కొట్టు వదిలేస్తాడట. అడ్వాన్సు ఇస్తే నాకే ఇస్తానన్నాడు. లేకపోతే ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి సెల్‌ఫోన్ల షాపు పెడతామన్నవాళ్ళొస్తారు. నాలుగు రోజుల్నుంచీ నాకు నిద్ర లేదు."

"ఇప్పుడు పోయి పడుకో," అంది వదిన. "మీ నాన్న పైనుంచి తూకం వేసి మరీ పంపాడు."

అత్త చీటీ రాసింది. సంతకం పెట్టింది. ఆ పిల్ల నేరుగా ఓనరు దగ్గరికి పరిగెత్తి, ఆదివారం పన్నెండింటికి డబ్బుతో వస్తానని మాటిచ్చేసింది.

*

ఆదివారం పొద్దున తొమ్మిదింపావుకి అత్త గ్లాసులు కడుగుతోంది. వేళ్ళు అలవాటుగా అంచు చుట్టూ తిరుగుతున్నాయి. ఒకచోట బొటనవేలికి చురుక్కుమంది. చూస్తే గ్లాసు అంచు గోరంత లేచిపోయింది.

అత్త గ్లాసు కింద పెట్టలేదు. అలాగే నిలబడింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"పంపు కట్టెయ్యవే, అది నీ తాతల సొమ్మా?" అంది వదిన.

"వదినా, గురువారం నాడు నా వేలికి గుచ్చుకుంది."

"ఏం గుచ్చుకుంది?"

"ఆ బిళ్ళ. సంవత్సరం దగ్గర. ఇలాగే. కొంచెంగా."

అరిగిన బిళ్ళ అన్నివైపులా అరుగుతుంది. ముప్ఫై ఏళ్ళు జేబుల్లో, డబ్బాల్లో దొర్లిన బిళ్ళకి వాడి అంచు ఉండదు. ఓడ తాళ్ళు సగం అరిగిపోయి, సంవత్సరం అంకె మాత్రం వేలికి తగిలేంత పదునుగా ఉందంటే, ఆ అంకె మీద ఎవరో పనిచేశారన్నమాట. ఎనిమిదికి ఎడమవైపు రెండు గోడలూ గీకేస్తే మూడవుతుంది. ముప్ఫై ఎనిమిదోవి వీధికి వెయ్యి దొరుకుతాయి.

అప్పుడు అత్తకి ఇంకోటి గుర్తొచ్చింది.

డిపోలో మొదటిరోజు. మేస్త్రీ ముందు పళ్ళెం పెట్టి, రెండొందల బిళ్ళలు పోసి, వేరుచెయ్యమన్నాడు. అప్పటికి ఆమెకి సంవత్సరాల సంగతి తెలీదు, వేలితో మూయడమూ తెలీదు. గుడ్డిగా తడుముకుంటూ పోతుంటే ఒక బిళ్ళ గుచ్చుకుంది. "మేస్త్రీగారూ, దీన్నెవరో గీకారండీ," అంది. పక్కనున్న ఆడవాళ్ళందరూ పని ఆపేసి చూశారు. మేస్త్రీ మీసం దువ్వుకున్నాడు. ఆ బిళ్ళ తీసి కోటు లోపలి జేబులో వేసుకుని, "రేపట్నుంచి ఆరింటికల్లా రా," అన్నాడు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళ పళ్ళెంలోనూ ఆయన ఆ గీకిన బిళ్ళ కలిపి పరీక్ష పెడతాడని తర్వాత తెలిసింది. ఎక్కువమందికి అది కనపడలేదు. వాళ్ళని బిళ్ళలు వేరుచేసే పనికి కాకుండా గది ఊడ్చే పనికి పెట్టుకునేవాడు.

అప్పుడు ఆ వేలు పట్టిచ్చింది. ఇప్పుడూ చెప్పింది. కానీ ఇన్నేళ్ళుగా దానికి మూసిపెట్టడమే పని అప్పజెప్పింది కదా, అది చెప్పే మాట వినడం మానేసింది అత్త.

"నువ్వు చూశావుగా వదినా, మూడు ఎలా ఉంది?"

"మూడు మూడులాగే ఉంది. అంకె చదవమంటావు, చదివాను. పుట్టుమచ్చలు చూడమన్నావా?"

ఫోన్ చేస్తే మేస్త్రీ కూతురు ఎత్తలేదు. ఆదివారం పదిదాకా పొయ్యి దగ్గరుంటుంది, ఫోన్ ముట్టదు. గడియారాల షాపాయన సంఘం రోజున ఫోన్ ఇంట్లో పెట్టి వస్తాడు. అత్త కోటు వేసుకుంది. పళ్ళెం దగ్గరికి వెళ్ళి ఏదో తీసి ఎర్ర గుడ్డసంచిలో వేసుకుంది. వదిన చూసింది గానీ అప్పటికి అడగలేదు. మోకాళ్ళ నొప్పులని మూలుగుతూనే చెప్పులు వేసుకుని వెనకాలే వచ్చింది.

బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యం. ఎక్కాక వదిన చెవిలో మొదలుపెట్టింది.

"ఒక మాట అడుగుతా. ఇప్పుడు నీకు ఖాయంగా తెలుసా?"

"తెలీదు."

"వేలికి గుచ్చుకుందనా పెన్ను పారేసుకుంటావు? గురువారం గోరు చిట్లి ఉండొచ్చు. ఉల్లిపాయలు తరుగుతూ కోసుకుని ఉండొచ్చు."

"ఉండొచ్చు."

"పోనీ, పొట్లం విప్పి ఒకసారి చూస్తానని అడుగు."

"విప్పితే అయిపోయిందిగా వదినా. చూసి చెప్పే వీల్లేదు. చూడకుండానే చెప్పాలి."

"అయితే నోరు మూసుకుని కూర్చో. ఆ గడియారాలాయన నీ చీటీ ఉంటే భూతద్దం కూడా పెట్టడు, తీసి ఆల్బంలో పెట్టుకుంటాడు. ఆయన సంతోషం ఆయనది. ఆ పిల్లకి కొట్టు వస్తుంది. నీ పెన్ను నీకుంటుంది. ఎవడి కొంప మునిగింది చెప్పు?"

అత్త బొటనవేలిని చూపుడువేలితో రుద్దుకుంటూ కూర్చుంది. వదిన చెప్పిందాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు. అదే వచ్చిన చిక్కు.

*

మెట్లెక్కేసరికి పదీ నలభై. గదినిండా జనం. మేస్త్రీ కూతురు ముందు వరసలో కూర్చుని ఉంది, ఏప్రన్ కూడా విప్పలేదు. అత్తని చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాక అత్త ఆమె పక్కన కూర్చోలేకపోయింది, వెనక బెంచీ మీద కూర్చుంది.

అప్పటికే బేరం నడుస్తోంది. గడియారాల షాపాయన, ఎదురుగా బట్టల మిల్లులో రంగులేసే ఆయన పోటీ పడుతున్నారు.

"అత్త చీటీ అయ్యా ఇది, కూరగాయల బేరం కాదు," అంటున్నాడు గడియారాలాయన. "మూడు రోజులుగా దీని కోసం కాచుకునున్నా. నలుగురు పిల్లల తల్లి, ముప్ఫై మూడు. ఇంకెక్కడ చూపిస్తావు?"

"చూపించను, కొనుక్కుంటాను," అన్నాడు రంగులాయన. ఇంకో మెట్టు పైకి పాడాడు. గడియారాలాయన ఇంకోటి. రంగులాయన నుదురు తుడుచుకుని, ఇక నావల్ల కాదన్నట్టు చెయ్యి ఊపేశాడు.

చప్పట్లు కొట్టారు. మేస్త్రీ కూతురు రెండు చేతులతోనూ ముఖం కప్పుకుంది. వేళ్ళ సందుల్లోంచి పిండి రాలింది.

అత్త లేవాలనుకుంది. లేవలేదు. గోడమీద ముత్యాల్లాంటి అక్షరాలు ఎదురుగా ఉన్నాయి. మందుల షాపాయన ఆ రోజు పెన్ను పెట్టిన చప్పుడు గుర్తొచ్చింది. చిన్న చప్పుడే. కానీ గదంతా విన్నది. 'గోరే చిట్లిందేమో' అనుకుంది. 'ఉల్లిపాయలేమో' అనుకుంది. గడియారాలాయన చిన్న పట్టకారు తీసి, పొట్లానికున్న నాలుగు పిన్నుల్లో మొదటిది పీకాడు.

"త్వరగా విప్పండి సార్," అన్నారెవరో.

రెండోది పీకాడు.

వదిన అత్త మణికట్టు పట్టుకుంది, గట్టిగా. కూర్చోమని పట్టుకుందో లెమ్మని పట్టుకుందో ఆ పట్టులో తెలీలేదు. మూడో పిన్ను కొంచెం బిగుసుకుంది. పట్టకారు జారింది.

"ఆగండి," అంది అత్త.

అందరూ వెనక్కి తిరిగారు.

"ఆ చీటీ నేను వెనక్కి తీసుకుంటున్నాను."

కింద బూట్లు కుట్టేవాడు సుత్తితో మేకు కొడుతున్నాడు. గడియారాలాయన పట్టకారు గాల్లోనే ఉండిపోయింది.

"అత్తా, ఏమంటున్నావో తెలుస్తోందా?"

"తెలుస్తోంది బాబూ. ఆ సంవత్సరం మీద నాకు నమ్మకం లేదు."

"చూశావా?"

"చూడలేదు. వేలికి తగిలింది."

రంగులాయన పకాలుమన్నాడు. "వేలికి తగిలిందట! రేపు కాలికి తగిలిందంటావు."

"నీ కాలికి తగిలితే నొప్పి, ఈవిడ వేలికి తగిలితే సాక్ష్యం," అంది వదిన వెనక బెంచీ నుంచి. "నువ్వు నోరు కాస్త అదుపులో పెట్టుకో నాయనా."

మేస్త్రీ కూతురు లేచి నిలబడింది.

"అంటే మా నాన్న దొంగ బిళ్ళ దాచుకున్నాడంటావా అత్తా? నీకు పని నేర్పినవాడు. నిన్ను కూతురికన్నా ఎక్కువ చూసినవాడు. రెండు నెలలయింది ఆయన పోయి, అప్పుడే ఆయన్ని..."

"అనడం లేదమ్మా. ఆయన దొంగయితే లోకంలో దొర లేడు."

"మరి?"

వేలు తప్పయి, బిళ్ళ అసలుదే అయితే, ఈ పిల్ల కొట్టుని తన నోటితో ఊడ్చేసినట్టే. అత్త సంచిలోంచి పెన్ను తీసింది. నల్లటి పాత ఇంకు పెన్ను, మూతకి దారం చుట్టి ఉంటుంది. నడిచి వెళ్ళి బల్ల మీద పెట్టింది. చిన్న చప్పుడే.

"ఇక విప్పండి," అంది.

గడియారాలాయన మిగిలిన రెండు పిన్నులూ పీకాడు. వెంట్రుకలాంటి స్ప్రింగులు బిగించే చేతులవి. కంటికి గడియారాల కన్నద్దం బిగించి, కిటికీ దగ్గరికి వెళ్ళి, బిళ్ళని వెలుగుకి అటూ ఇటూ వంచాడు. ఎంతసేపు చూశాడో. మేస్త్రీ కూతురు గోడకున్న గడియారం వంక చూసింది. పదకొండూ అయిదు.

"ఎడమవైపు గీకారు," అన్నాడు చివరికి. "రెండుచోట్ల. సన్నటి ఆకురాయి. పాత పనే. ఆ గీతల్లో మురికి కూడా పట్టి ఉంది." కన్నద్దం తీసి అత్త వంక చూశాడు. "నేనైతే పట్టుకునేవాణ్ణి కాదు."

రంగులాయన తన చెప్పులు చూసుకున్నాడు.

అప్పుడు అత్త మేస్త్రీ కూతుర్ని అడిగింది. "ఒక్క మాట చెప్పమ్మా. పదిహేడూ డబ్బాలోనే ఉన్నాయా?"

"పదహారు డబ్బాలో ఉన్నాయి. ఒకటి... ఆయన డిపో కోటు ఉంది చూడు, దాని లోపలి జేబులో దొరికింది. మర్చిపోయి ఉంచేశాడనుకుని నేనే తీసి డబ్బాలో కలిపాను."

"మర్చిపోలేదమ్మా," అంది అత్త. అని, మొదటిరోజు సంగతి చెప్పింది. రెండొందల బిళ్ళలూ, పరీక్షా, కోటు జేబూ. "అసలువాటితో కలవకూడదనే విడిగా పెట్టుకున్నాడు. నువ్వు కలిపావు. నేను నా పరీక్ష రెండోసారి రాసి, ఈసారి తప్పబోయాను."

మేస్త్రీ కూతురు బెంచీ మీద కూర్చుని ఏప్రన్‌తో ముక్కు తుడుచుకుంది. తండ్రి దొంగ కాదన్న మాట ఒకవైపు, కొట్టు పోయిందన్న మాట ఇంకోవైపు. ఏ కంటితో ఏడవాలో తెలీనట్టుంది.

అత్త ఎర్ర గుడ్డసంచి విప్పింది. వదిన, "ఏయ్," అంది. అప్పటికి ఆమెకి అర్థమైంది, పొద్దున పళ్ళెంలోంచి తీసిందేమిటో.

"ఇది ముప్ఫై మూడు," అంటూ అత్త బిళ్ళని గడియారాలాయన అరచేతిలో పెట్టింది. "అసలుదే. నా చీటీ లేదు, రాసే పెన్ను కూడా లేదు. మీరే చూసుకోండి."

ఆయన చూశాడు. ఈసారి తొందరగానే తేల్చాడు. "అసలుదే. కానీ అత్తా, ఇది పళ్ళూడిన ముసలమ్మ కదా. ఇందాకటి ధర పెట్టలేను. మూడోవంతు తగ్గుతుంది."

"ముసలమ్మే. నేనేమన్నా పడుచుదన్నానా?"

"నాలుగోవంతు తగ్గించండి సార్," అంది వదిన. "ఇరవైతొమ్మిదేళ్ళు వెతికి ఇంటికి తెచ్చుకుంది. మీరు మెట్టు దిగకుండా కొంటున్నారు."

ఆయన రంగులాయన వంక చూశాడు. రంగులాయన కళ్ళు అప్పుడే మెరుస్తున్నాయి. "సరే, నాలుగోవంతే," అన్నాడు గడియారాలాయన గబగబా.

డబ్బు చేతిలో పెడితే మేస్త్రీ కూతురు వెనక్కి జరిగింది. "నాకొద్దత్తా. ఇది నీది. నేనెలా తీసుకుంటాను?"

"నీ చేతిలో చీటీ పెట్టింది నేను. దాన్ని నమ్మి ఓనరుకి మాటిచ్చింది నువ్వు. మధ్యలో ఆ బిళ్ళదేం తప్పు, నీదేం తప్పు? వాదించడానికి టైము లేదు, పదకొండున్నరయింది. తక్కువైంది నెలాఖరుకి ఇస్తానని చెప్పు. కాళ్ళు పట్టుకున్నా సరే, పొయ్యి మాత్రం ఆర్పనివ్వకు."

"తిరిగిచ్చేస్తాను. నెలనెలా."

"ఇద్దువులే, ముందు పరిగెత్తు."

"రొట్టె పంపించు," అంది వదిన. "మెత్తటిది. నేను కూడా పళ్ళూడిన దాన్నే."

ఆ పిల్ల మెట్లు రెండేసి దిగింది. గీకిన బిళ్ళ బల్ల మీదే ఉండిపోయింది, పెన్ను పక్కన. గడియారాలాయన గోడమీద నిబంధన వంక చూశాడు, పెన్ను వంక చూశాడు. ఏదో అనబోయాడు. "వద్దు బాబూ," అంది అత్త. "మందుల షాపాయనకి ఒక రూలూ, నాకొక రూలా?" పెన్ను వదిలేసి బిళ్ళ మాత్రం తీసుకుంది.

మెట్లు దిగుతుంటే వదిన మోకాళ్ళని తిట్టుకుంటూనే అంది. "పెన్ను పెట్టమన్నారు. వేలు పెట్టెయ్యమనలేదుగా."

పన్నెండూ పదికి ఫోన్ మోగింది. బస్సు చప్పుడులో సగమే వినపడింది. ఓనరు గొణిగాడట, సణిగాడట, సెల్‌ఫోన్ల వాళ్ళని గుమ్మంలో నిలబెట్టే లెక్క చూసుకున్నాడట. ఆఖరికి తాళాలు ఇచ్చాడట. అత్త "సరే సరే" అని ఫోన్ పెట్టేసి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇంటికొచ్చాక పళ్ళెం దించింది. నీలం గుడ్డలో ఖాళీ గుంట దిష్టిచుక్కలా కనిపిస్తోంది. సంచిలోంచి గీకిన బిళ్ళ తీసి, దాని సంవత్సరం మీద బొటనవేలు పెట్టింది. ఈసారి మూయడానికి కాదు. మెల్లగా అటూ ఇటూ జరిపింది. గుచ్చుకుంది. అదే చోట.

వదిన టీ పెట్టి, రిజిస్టరు తెరిచి కూర్చుంది. "ఆ గుంట ఎదురుగా ఏం రాయమంటావు? ఖాళీ అని రాయనా?"

అత్త బిళ్ళని ఆ గుంటలో పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"రాయి. ముప్ఫై ఎనిమిది. నలుగురు పిల్లల తల్లి. వెల, అయిదు సెంట్లు."

వదిన రాసింది. కళ్ళజోడు మీదుగా చూసింది.

"మరి ఇవాళ్టి నాలుగు బస్సు టిక్కెట్లు ఎవరి పేరున రాయను, మేస్త్రీ పేరునా?"

"ఆయన పేరునే రాయి," అంది అత్త. "కానీ లెక్కపెట్టకు. తూకం వెయ్యి."